కడాయి రెండో పక్క

20 జనవరి 2025, సోమవారం

సమన్లు వచ్చాయి. ఫిబ్రవరి పదిహేడున బోధన్ వెళ్ళి కోర్టులో సాక్ష్యం చెప్పాలి. కేసు పెట్టి ఆరేళ్ళయింది, ఇప్పటికి నోరు తెరిచే వంతు నాకు వచ్చింది.

ఎరువుల దుకాణం వాళ్ళు ఇచ్చిన ఈ డైరీ ఊరికే పడి ఉంది. వకీళ్ళు అడ్డదిడ్డంగా అడుగుతారు కనుక అన్నీ గుర్తు చేసుకుని ఇందులో రాసి పెట్టుకుంటే మంచిది. ఇది నాకోసమే. నా భార్య సాయవ్వ కంట పడకుండా బియ్యం డబ్బా వెనక పెడతాను. ఆమె చదివితే ప్రతి పేజీకి ఒక గొడవ.

కేసు సంగతులు. 2019లో సర్పంచ్ ఎలక్షన్ జరిగిన రోజు రాత్రి మా కొట్టంలోంచి పసుపు ఉడకబెట్టే కడాయి పోయింది. మర్నాడు ఫిర్యాదు ఇచ్చాను. పోలీసులు వెళ్ళేసరికి అది పక్క చేను లింబయ్య దగ్గర పొయ్యి మీద ఉంది, అందులో అతని పసుపు ఉడుకుతోంది. నిందితుడు లింబయ్య. ఫిర్యాదుదారు రామ్‌దాస్, అంటే నేను. ఇంతే కేసు.

ఎలక్షన్‌కు దీనికి సంబంధం లేదు.

21 జనవరి

నిన్న రాసింది చదువుకున్నాను. ఎలక్షన్‌కు సంబంధం లేదని ఎందుకు రాశానో తెలియదు, ఎవరూ అడగలేదు కదా. అయినా కొట్టేయను. కొట్టివేతలు ఉంటే అనుమానం వస్తుంది.

24 జనవరి, శుక్రవారం

ఫిర్యాదు రాసింది స్టేషన్ రైటర్. చక్కని దస్తూరి. కడాయి ఎప్పుడు పోయిందని అడిగాడు. పొద్దున లేచి చూస్తే లేదన్నాను. అయితే రాత్రి అని రాశాడు. ఎక్కడ ఉండేదని అడిగాడు. కొట్టంలో అన్నాను. కొట్టం ఇంటికి ఆనుకుని ఉందా అన్నాడు. ఉందన్నాను. అయితే ఇల్లే అని రాశాడు. తలుపు ఉందా అంటే తడక ఉందన్నాను. తడక కడితే మూసుకుంటుందా అన్నాడు. మూసుకుంటుంది. అయితే తలుపే.

కడాయి పోయిందని స్టేషన్‌లోకి వెళ్ళినవాణ్ణి, గంట తర్వాత 'రాత్రివేళ ఇంటి తలుపు తొలగించి, లోపల జొరబడి చేసిన దొంగతనం' అనే కేసుతో బయటికి వచ్చాను. రైటర్ చదివి వినిపిస్తుంటే నాకే భయం వేసింది, ఇంత పెద్ద నేరం మా ఇంట్లో జరిగిందా అని. కొంచెం గొప్పగా కూడా అనిపించింది. ఊళ్ళో అప్పటివరకు ఎవరి ఇంట్లోనూ అంత పెద్ద నేరం జరగలేదు.

30 జనవరి, గురువారం

వకీళ్ళు మా ఊరి ఆనవాయితీ గురించి అడగవచ్చు. రాసి పెట్టుకుంటాను.

అప్పట్లో ఊరు మొత్తానికి పసుపు కడాయిలు నాలుగే. పసుపు తవ్వే కాలంలో ఎవరిది ఖాళీగా ఉంటే వాళ్ళ కొట్టంలోంచి తీసుకుపోయేవారు. అడగడం లేదు. అడిగితేనే తప్పు, పరాయివాళ్ళలాగా అడుగుతున్నావేమిటి అని తిట్టేవారు. పని అయ్యాక తోమి, అందులో ఒక తట్ట ఉడికిన పసుపు వేసి తెచ్చి పెట్టాలి. మా బాపు కాలం నుంచి అంతే.

ఇది రాస్తూ ఉంటే సాయవ్వ వచ్చింది. డైరీ మూసి, ఊరికే మాటల్లో ఆనవాయితీ సంగతి ఎత్తాను. ఆమె చేట పక్కన పెట్టి, "మరి గట్లైతే లింబన్నది దొంగతనమెట్లైతది?" అంది. చట్టం వేరు, ఆనవాయితీ వేరు అని చెప్పాను. ఎట్లా వేరో చెప్పమంది. పొలానికి నీళ్ళు పెట్టాల్సి ఉందని లేచి వచ్చేశాను.

2 ఫిబ్రవరి, ఆదివారం

రాజీ విషయం. కేసు పెట్టిన రెండు నెలలకే గ్రామాభివృద్ధి కమిటీ మమ్మల్ని కూర్చోబెట్టింది. మా దిక్కు ఊళ్ళలో కమిటీ మాటంటే మాటే. ఒకరి నోట్లో ఒకరం బెల్లం ముక్క పెట్టుకున్నాం. లింబయ్య నా వేలు కొరికాడు. కావాలని కాదన్నాడు. కమిటీ కాగితం రాసి, కేసు అయిపోయిందని తీర్మానించింది.

ఆ కాగితం పట్టుకుని ఇద్దరం లోక్ అదాలత్‌కు పోయాం. అక్కడి గుమాస్తా సెక్షన్లు చూసి నవ్వాడు. మామూలు దొంగతనమైతే రాజీ చేసుకోవచ్చట. రాత్రిపూట ఇంట్లో జొరబడినది కాబట్టి వీలు లేదట. ఇది నాకు, లింబయ్యకు మధ్య ఉన్న తగాదా కాదు, ఇప్పుడు ప్రభుత్వానికి, లింబయ్యకు మధ్య ఉన్నది అన్నాడు. మరి నేనెవరిని అన్నాను. సాక్షివి అన్నాడు. కడాయి నాది, కోపం నాది, బెల్లం తిన్నది నేను. అయినా నేను ఉత్త సాక్షినేనట.

ఈ మధ్య చట్టం పేరు కూడా మారిందంటున్నారు. మా కేసు పాతదే కనుక పాత చట్టం కిందే నడుస్తోంది.

4 ఫిబ్రవరి

మొదటి రెండేళ్ళు వాయిదాలకు ఒకే బస్సులో పోయేవాళ్ళం, అతను ముందు, నేను వెనక. కరోనా తర్వాత ఒకసారి బస్సు తప్పిపోతే ఒకే ఆటోలో కూర్చోవలసి వచ్చింది. అప్పటినుంచి లింబయ్య నాకు సీటు పట్టి ఉంచుతున్నాడు. మధ్యాహ్నం అతని సజ్జ రొట్టె, మా ఇంటి పచ్చడి.

సాక్షి ప్రతి వాయిదాకు రానవసరం లేదని, సమన్లు వచ్చినప్పుడే వస్తే చాలని మూడేళ్ళ కిందటే తెలిసింది. అయినా పోతున్నాను. కేసు మీద ఒక కన్ను వేసి ఉంచాలి కదా.

10 ఫిబ్రవరి, సోమవారం

ఈ రోజు లింబయ్య వకీలు రాజశేఖర్ దగ్గరికి వెళ్ళాం. నిందితుడి వకీలు ఫిర్యాదుదారుకు సాక్ష్యం నేర్పడం విడ్డూరంగా ఉంది కాని, రాజశేఖర్ దీన్ని మామూలు విషయంలాగే మాట్లాడాడు. నేను చెప్పవలసింది మూడు ముక్కలట. కడాయి పోయింది. ఎవరు తీశారో తెలియదు. బోనులో ఉన్న మనిషెవరో నాకు తెలియదు. అప్పుడు సర్కారు వకీలమ్మ నన్ను ఎదురు తిరిగిన సాక్షిగా ప్రకటించమంటుంది, రెండు మూడు ప్రశ్నలు వేస్తుంది, కేసు కొట్టేస్తారు. అరగంట పని.

లింబయ్య చేను, నా చేను ఒకే గట్టు, ఎట్లా తెలియదంటాను అన్నాను. కోర్టులో గట్లు ఉండవు అన్నాడు రాజశేఖర్. నాతో మూడుసార్లు చెప్పించాడు. మూడోసారికి బాగా వచ్చింది. లింబయ్య మూలన కుర్చీలో కూర్చుని నా నోటి వైపే చూస్తున్నాడు.

11 ఫిబ్రవరి

ఈయనెవరో నాకు తెలియదు. ఈయనెవరో నాకు తెలియదు. అద్దం ముందు నిలబడి చెబితే బాగానే వస్తోంది.

12 ఫిబ్రవరి, బుధవారం

పొద్దున లింబయ్య చేను దగ్గరికి వచ్చాడు. గట్టు మీద కూర్చుని చాలాసేపు కాళ్ళకంటిన మట్టి గీరుకున్నాడు. తర్వాత అన్నాడు:

"నన్ను తెల్వదంటవా రాందాసు, కోర్టుల?"

కేసు పోవాలంటే అదే దారి అని నచ్చజెప్పాను. అతనికి ఆ దారి వద్దట. తెలియదంటే వదిలేస్తారు, కాని దొంగ కాదని అనరు. సాక్షి తిరిగిపోయిండు, దొంగ తప్పించుకున్నడు అంటారు. ఆరేళ్ళుగా ఊళ్ళో ఏది పోయినా ముందు తన కొట్టం వైపే చూస్తున్నారని చెప్పాడు. కమిటీలోకి పేరు వస్తే కేసున్న మనిషి వద్దన్నారట. తమ్ముడి బిడ్డ పెళ్ళిలో చీరల పెట్టె పోతే, ఎవరూ ఏమీ అనకముందే తానే జేబులు దులిపి చూపించాడట. పెట్టె తర్వాత దొరికింది. జేబులు దులిపింది మాత్రం దులిపిందే అన్నాడు.

"ఇడిసిపెట్టుడు వేరు, దొంగ గాదనుడు వేరు. నాకు రెండోది గావాలె. గది చెప్పలేవంటే జైలుకే పోత."

నాకు కోపం వచ్చింది. ఇంత చేస్తుంటే ఇదా మాట అన్నాను. పాత సంగతి కూడా నోట్లోంచి జారింది, ఎలక్షన్ నాటి సాయంత్రం ఓట్ల లెక్కింపు దగ్గర అందరిలో నవ్వలేదా నన్ను చూసి అని. వార్డు మెంబరుకు నిలబడితే నాకు వచ్చినవి నాలుగు ఓట్లు. మా ఇంట్లోనే ఆరు ఉన్నాయి. ఆ మాటే అందరి ముందు ఎత్తి లింబయ్య పసుపు చేతులతో పొట్ట పట్టుకుని నవ్వాడు.

లింబయ్య లేచి తువ్వాలు దులుపుకున్నాడు.

"నవ్విన. గా నాలుగు ఓట్లల్ల ఒకటి నాదే."

పోయాడు. నేను నీళ్ళ మడవ కూడా మార్చలేదు. పక్క మడి మునిగింది.

13 ఫిబ్రవరి

అంటే ఇంట్లో ఆరింటిలో మూడే.

14 ఫిబ్రవరి, శుక్రవారం

సరే, ఎలక్షన్‌కు సంబంధం ఉంది. కొంచెం.

కాని కడాయి రాత్రిపూటే పోయింది.

17 ఫిబ్రవరి, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సర్కారు వకీలమ్మ నన్ను మెట్ల దగ్గర మూడు నిమిషాలు చూసింది. ఫైలు తిప్పుతూ, చార్జిషీటులో ఉన్నది చెప్పు చాలు అంది. అవతలి నుంచి రాజశేఖర్, నేర్పింది చెప్పు చాలు అన్నట్టు తలూపాడు. లింబయ్య ఎవరి వైపూ చూడలేదు.

కడాయిని పోలీసులు వ్యానులో తెచ్చారు. ఆరేళ్ళు స్టేషన్ వెనక ఉంది. అక్కడి కుక్క అందులో రెండుసార్లు పిల్లల్ని పెట్టిందట. ఇప్పుడు ఊళ్ళో అందరూ ట్రాక్టర్ మీద వచ్చే ఆవిరి బాయిలర్‌తోనే పసుపు ఉడికిస్తున్నారు, కడాయి పెట్టేవాడే లేడు. కోర్టు హాలు తలుపులోంచి అది పట్టలేదు. అడ్డంగా తిప్పారు, నిలువుగా తిప్పారు, పట్టలేదు. మేజిస్ట్రేట్ మేడం చిన్న వయసు మనిషి. సాక్షే బయటికి వెళ్ళి చూసి రావాలని ఆర్డర్ వేశారు.

వెళ్ళి చూశాను. అడుగున చిల్లి పడింది, అంతా తుప్పు. అంచు మీద మా బాపు ఉలితో కొట్టించిన గుర్తు మాత్రం అలాగే ఉంది. ఏడుపు వచ్చింది. ముక్కు తుడుచుకుని లోపలికి వచ్చి నాదే అన్నాను.

ఎవరు తీసుకుపోయారని వకీలమ్మ అడిగింది. నేను నేర్చుకున్నది చెప్పడానికి నోరు తెరిచాను. అదే సమయానికి వరండాలో దారికి అడ్డంగా ఉందని కానిస్టేబుల్ కడాయిని జరపబోయాడు. ఒక్కడి వల్ల కాలేదు. అటెండర్‌ను పిలిచాడు. చెరో చెవి పట్టుకుని, మూలుగుతూ నాలుగడుగులు మోసి దించారు. మేడం తలుపులోంచి అదంతా చూశారు. తర్వాత చార్జిషీటు చూశారు.

"నిందితుడు ఒక్కడే అని రాశారు. దీన్ని ఎత్తడానికి ఇద్దరు కావాలి. రెండో పక్క ఎవరు పట్టారు?"

వకీలమ్మ ఫైలు తిప్పింది. రాజశేఖర్ కూడా తన ఫైలు తిప్పాడు. ఆరేళ్ళలో ఇద్దరికీ ఆ ప్రశ్న తట్టినట్టు లేదు. రాజశేఖర్ ముఖం వెలిగిపోయింది, లేచి ఏదో అనబోయాడు. అతను అనేలోపే నేను అన్నాను.

"నేనే పట్టిన మేడం."

టైపు చేస్తున్నాయన చేతులు ఆగిపోయాయి. మళ్ళీ చెప్పమన్నారు, మళ్ళీ చెప్పాను. ఓటేసి వచ్చిన పొద్దున లింబయ్య ట్రాలీ పట్టుకుని మా కొట్టానికి వచ్చాడు. అతను ఒక చెవి పట్టుకున్నాడు, నేను రెండో చెవి పట్టుకున్నాను. ట్రాలీ ఎక్కించాక, నీళ్ళు తాగి పో అని చెంబు కూడా ఇచ్చాను. అదంతా పట్టపగలు జరిగింది. రాత్రి మా ఇంట్లో ఏదీ పోలేదు.

"మరి పోయిందని ఫిర్యాదు ఎందుకిచ్చారు?"

"కోపమొచ్చింది."

"దేనికి?"

"నాలుగు ఓట్లొచ్చినయి."

"ఎవరికి?"

"నాకే."

వెనక బెంచీల్లో నవ్వారు. మేడం నవ్వలేదు, పెన్ను మూత పెట్టి మళ్ళీ తీశారు. సర్కారు వకీలమ్మ లేచి నన్ను ఎదురు తిరిగిన సాక్షిగా ప్రకటించమని అడిగింది. నిందితుడితో కుమ్మక్కయ్యావా అంది. కాలేదన్నాను. ఇద్దరూ ఒకే బస్సులో వస్తారా అంది. వస్తాం అన్నాను. ఒకే చోట తింటారా అంది. సజ్జ రొట్టె అన్నాను. రాజశేఖర్‌కు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. నా సాక్షిని ఇట్లా చెడగొట్టుకుంటాననుకోలేదు అని గొణిగాడు. నేను అతని సాక్షిని కానే కాదని గుర్తు చేశాను.

బోనులో లింబయ్య ఆరేళ్ళలో మొదటిసారి తల ఎత్తి నిలబడ్డాడు. కడాయి నేనే ఎత్తించానన్న మాట అతనూ ఏనాడూ అనలేదు. ఏదడిగినా తెలియదనే చెప్పమని మొదట్లోనే వకీలు చెప్పి ఉంచాడట. నేను చెప్పాలని చూశాడేమో. నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ళూ దొంగతనం ఎట్లా జరిగిందో అందరికీ చెబుతూ వచ్చి, చివరికి నేనే నమ్మాను.

18 ఫిబ్రవరి

సాయవ్వకు అంతా చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది.

"గా దినం నేను కిటికీలకెళ్ళి చూసిన. ఎప్పుడు చెప్తవా అని ఆరేండ్లు చూసిన."

పోలీసులకు ఎందుకు చెప్పలేదని అడిగాను. వాళ్ళు అడగలేదంది. ఓటు ఎవరికి వేశావని కూడా అడగబోయి మానుకున్నాను.

3 మార్చి, సోమవారం

తీర్పు వచ్చింది. లింబయ్య నిర్దోషి. రాజశేఖర్ వరండాలో తెలుగు చేసి చెప్పాడు. నేరం రుజువు కాలేదు అని కాదు, అసలు నేరమే జరగలేదు అని రాశారట. యజమాని ఒప్పుకోకుండా తీసుకుపోతే దొంగతనం, యజమానే చెయ్యి వేసి ట్రాలీ ఎక్కిస్తే కాదు అని రాశారట. లింబయ్య ఆ ముక్కను మూడుసార్లు చదివించుకున్నాడు. తర్వాత ఆ కాగితాన్ని నకలు తీయించి నాలుగు ప్రతులు పట్టుకున్నాడు. ఒకటి కమిటీకి, ఒకటి తమ్ముడికి, ఒకటి ఇంట్లో గోడకు. నాలుగోది ఎందుకని అడిగితే, ఉంటది అన్నాడు.

కడాయి నాకు అప్పజెప్పాలని కూడా రాశారు. పాత ఇనుమువాడు కూడా దాన్ని తీసుకునేటట్టు లేదు.

చివర ఇంకో పేరా ఉంది. అబద్ధపు ఫిర్యాదు ఇచ్చినందుకు నా మీద ఎందుకు చర్య తీసుకోకూడదో మార్చి ఇరవై నాలుగున వచ్చి చెప్పాలట. అది రాజశేఖర్ ఒక్కసారే చదివాడు. నాకు ఒక్కసారే సరిపోయింది.

9 మార్చి

అన్నం సయించడం లేదు. ఇప్పుడు కేసు ప్రభుత్వానికి, నాకు మధ్య.

23 మార్చి, ఆదివారం

లింబయ్య ఇరవై రోజులుగా కనబడలేదు. తీర్పు కాగితం చేతికి వచ్చాక నాతో ఏం పని. నేనైతే అలాగే చేసేవాణ్ణి. రేపు ఒక్కణ్ణే పోతాను. ఏం చెప్పాలో రాసుకుందామని కూర్చున్నాను. కోపం వచ్చింది అనే మాట తప్ప ఇంకేమీ లేదు.

24 మార్చి, సోమవారం. కోర్టు వరండాలో

డైరీ వెంట తెచ్చుకున్నాను. ఇంకా పిలవలేదు.

పొద్దున చెప్పులు వేసుకుంటుంటే గేటు దగ్గర లింబన్న నిలబడి ఉన్నాడు. ఉతికిన ధోవతి కట్టాడు, చేతిలో రొట్టెల మూట. ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావని అడిగాను. పసుపు ఉడికించుడు అయ్యేదాకా తల గీరుకోవడానికి తీరలేదన్నాడు. ఇక నీకు కోర్టుతో ఏం పని అంటే, నాకు లేదు, నీకుంది అన్నాడు. బస్సు వస్తోందని తొందర పెట్టాడు.

బస్సులో కూర్చుని, నాకు శిక్ష వేస్తే సాయవ్వ ఒక్కతే పొలం ఎట్లా చూసుకుంటుందో అనుకుంటున్నాను. ఊరు దాటాక నేనే అడిగాను, నిన్ను పిలిచి అడిగితే ఏం చెబుతావు అని. నీకు జరిగింది నువ్వు చెప్పుకో, నేను అబద్ధం ఆడమనను అని కూడా అన్నాను. అనడమైతే అన్నాను, ఇప్పుడు అతని నోటి వైపు నేను చూస్తున్నాను.

లింబన్న మూట ఒళ్ళో సర్దుకున్నాడు.

"ఉన్నది చెప్త. గీన అబద్ధం కేసు పెట్టిండు, గది నిజమే. ఎందుకు పెట్టిండంటే, పదిమందిల నేను నవ్విన. పొద్దుగాల కడాయి ఎత్తిచ్చిన మనిషిని పొద్దుగూకంగ నవ్విన. తప్పు నాతాన మొదలైంది మేడం, దానికి ఏ సెక్షనో ముందుగాల గది రాసుకోండ్రి అంట."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆరేళ్ళ నుంచి ఏ కోర్టులోనూ ఎవరూ ఈ ముక్క అడగలేదు, రాయలేదు, నాకు కావలసింది మాత్రం ఇదే. నవ్వుకు సెక్షన్ ఉండదని అతనికి చెప్పాను. లేకపోతే లేకపాయె, చెప్పుడైతే చెప్త అన్నాడు.

ఇప్పుడు పక్క బెంచీ మీద కూర్చుని, మా ముందు పిలిచే కేసులు ఇంకెన్ని ఉన్నాయో వేళ్ళ మీద లెక్క పెడుతున్నాడు. తొమ్మిది ఉన్నాయట. రొట్టె ఇప్పుడే తిందామా, తర్వాతనా అని అడుగుతున్నాడు.